నష్టం అనే గడి

సైదాపేటలో రెండో అంతస్తు.
కిటికీలు బిగించి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టి
పొద్దున్నుంచీ ఇద్దరం పెట్టెలు విప్పుతున్నాం.
యాళిని చేతులకి తెల్ల గ్లౌజులు.
నాకూ ఇచ్చింది ఓ జత, నేను తొడుక్కోలేదు.
ముప్పై ఏళ్లు హైపోలో నానిన వేళ్లు ఇవి.
రేషన్ కొట్టులో మిషను కూడా
నా ముద్ర ఒప్పుకోదు.

అంబుజ గారివి
నెగటివులు పదకొండు వేల చిల్లర.
ప్రింట్లెన్నో ఇంకా తేలలేదు.
ప్రింటంటే ఒట్టి ప్రింటు కాదు.
ఒకదానికి బస్సు టిక్కెట్లు కుట్టి ఉంటాయి,
ఒకదాని మీద మైదా జిగురుతో అద్దిన ఉల్లిపొర.
కాశిమేడు చేపల వేలం బొమ్మ నిండా
నిజమైన పొలుసులే, ఒక్కోటీ గోరంత.
ఇరవై ఆరేళ్లయినా వాన పడితే నీచువాసన.

ఆవిడ ఏదీ దాచేది కాదు, వదిలేసేది.
బీరువా మీద, మంచం కింద,
నా డార్క్‌రూమ్ సింకు పక్కన.
"బొమ్మకి గాలి తగలనీ గురునాథం,
మనుషులకి తగలట్లేదా" అనేది.
ఈ ఊరి గాలి సంగతి తెలిసిందేగా,
సముద్రంలో ఉప్పంతా మోసుకొచ్చి
ఇనుప మేకుని ఏడాదిలో మట్టి చేస్తుంది.

మూడో పెట్టె మూత తియ్యగానే
పాత ఊరగాయ జాడీ కడిగినట్టు వాసన.
ఫిల్ము పులుస్తుందని నాకు తెలీదు.
రీళ్లు ముడుచుకుపోయి, అలలు తేలి
ఎనభై మూడో సంవత్సరం మొత్తం ఒకటే ముద్ద.
యాళిని ఆ ఏడాదిని విడిగా చుట్టి
ఫ్రిజ్‌లో పెట్టింది.
బతకడానికి కాదు సార్, అంది,
నిదానంగా పోవడానికి.

వెండిపురుగు సంగతీ ఆ పిల్లే చెప్పింది.
బొమ్మలో ఉన్న వెండి దానికక్కర్లేదట.
వెండిని కాగితానికి పట్టి ఉంచే
జిగురు కావాలట.
ఆ మాట విన్నాక కాసేపు
నాకు చేతులాడలేదు.

బొమ్మకో కాగితం నింపాలి.
కొలత. ఏడాది. వాడిన సామాను.
ఆఖర్న నష్టం అని ఒక గడి.
తగాదా అక్కడే.
ఈ మరక? ఆవిడే పోసిన టీ.
ఈ చిరుగు? ఆవిడే, కోపంలో.
అడుగంతా అలుక్కుపోయిందే?
అది అడయారు నది, డిసెంబరు వరద.
అయితే నష్టమేగా?
ఆగమ్మా.
వరద తీశాక ఆ ఇరవై బొమ్మల్నీ
నీటిగీత ఒకే ఎత్తులో వచ్చేలా
మోకాలెత్తున గోడకి వరసగా కొట్టించింది.
చూడొచ్చినవాళ్లు తెలీకుండానే
పంచె అంచులు, చీర కుచ్చిళ్లు
కాస్త పైకెత్తుకుని నడిచారు.
యాళిని పెన్సిలు గాల్లో ఆడించి
ఆ గడి ఖాళీగా వదిలేసింది.

మూడు దాటాక నూట నలభయ్యో బొమ్మ.
మింట్ వీధిలో తాళాలు బాగుచేసే ముసలాయన.
పైన ఎడమ మూల, ఆకాశం ఉన్నచోట
గోధుమరంగు బొటనవేలి ముద్ర.
చూడగానే పోల్చుకున్నాను.
మా చిన్నదానికి జ్వరం, ఇంటికి పోయే తొందర,
ఫిక్సర్ చెయ్యి కడుక్కోకుండా
కాగితం ముట్టుకున్న రాత్రి.
చించేశానని ఆవిడకి చెప్పాను,
ఇంకోటి కడిగిచ్చాను.
బుట్టలోంచి ఎప్పుడు తీసిందో మరి!
ముద్రలో ఒక్కో గీత వెంటా
ఎర్ర దారం, చీమ తలంత కుట్లు.
తక్కువలో తక్కువ వారం పని.
వెనక పేరు లేదు, తేదీ లేదు,
ఎవరికీ చూపించిన గుర్తూ లేదు.

ఇదీ ఆవిడేనా సార్?
దారం ఆవిడది, అన్నాను.
మరి మరక?
నష్టం అని రాసుకో, అన్నాను.

ఆ పిల్ల రాయలేదు.
సిలికా పొట్లాలు నీలం పోయి గులాబీకి తిరిగాయని
వేడి చేసుకురావడానికి లోపలికెళ్లింది.
ఓవెన్ గంట కొట్టేలోపు
నా వేలు ఆ కుట్ల మీదుగా,
ఆనకుండా, వెంట్రుకవాసి ఎత్తున
పట్టి చూసుకున్నాను.

గీతలన్నీ అక్కడున్నాయి.