పలకకు వెనక వైపు

మార్కాపురం గనిలో ఉలి ఆనించి
ఒక్క దెబ్బ వేస్తే
రాయి పొరలుగా విడిపోతుంది.
నేను పలకలకి చెక్క చట్రాలు బిగించేవాణ్ణి.
అంచు పగిలినవి అమ్ముడుపోవు, నాకిచ్చేసేవాళ్ళు.
సాయంత్రం హైస్కూలు కోర్టు కాడ
వాటి మీదే స్కోరు రాసేవాణ్ణి,
ఎడమ మనది, కుడి వాళ్ళది.
ఖాసింపీరా రాస్తే తప్పుండదని
గిద్దలూరు జట్టు కూడా ఒప్పుకునేది.

లీగు రాకముందు సంగతి ముందు చెప్పాలి.
అప్పట్లో బాస్కెట్‌బాల్ అంటే ఉద్యోగం.
పొడుగు పిల్లాణ్ణి రైల్వే తీసుకెళ్ళేది,
కాకుంటే పోలీసు, కాకుంటే బ్యాంకు.
పొద్దున ఫైళ్ళు, సాయంత్రం బంతి.
ముప్పై దాటి మోకాళ్ళు పోయినా
ఫైళ్ళు మిగిలేవి.
అది చిన్న సంగతి కాదు.
ఎలీషా మాస్టారు ఆ దారినే పోయొచ్చాడు,
గుంతకల్లులో ఇరవై రెండేళ్ళు.
తెచ్చుకున్నవి ఒక పింఛను, ఒక ఈల.
ఆ ఈల ఊదితే బజారులో కుక్కలు లేచి నిలబడేవి.

తర్వాత లీగు వచ్చింది.
ఎనిమిది నగరాలు, ఎనిమిది జట్లు.
ఒకదాన్ని సిమెంటు కంపెనీ కొంది,
ఒకదాన్ని తలనూనె,
ఒకదాన్ని ఎవరో పేరు చెప్పని పెద్దమనిషి.
మనుషుల్ని వేలం వేశారు.
మా జిల్లాలో వేలమంటే పొగాకుకి.
పొదిలిలో బేలు విప్పి, ఆకు నలిపి, వాసన చూసి
చీటీ కడతారు.
మా గాలెయ్యకీ కట్టారు చీటీ:
తర్లుపాడు, ఆరడుగుల ఆరంగుళాలు,
లారీకి నిచ్చెన లేకుండా పలకలు ఎత్తే చేతులు.
తలనూనె వాళ్ళకి పోయాడు.
ధర చెబితే వాళ్ళమ్మ
"నెలకా, ఏడాదికా?" అని ఒక్కటే అడిగింది.

మొదటి సీజను బస్టాండు టీకొట్టులో చూశాం,
గ్లాసులు చల్లారిపోయేదాకా.
మా నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాణ్ణి
కెమెరా ముందు నవ్వొద్దన్నారంట.
నవ్వాడు.
టీకొట్టు మొత్తం నోరు తెరిచి నవ్వింది,
అందరివీ అవే పళ్ళు.

రెండో సీజనుకి జట్లు ఆరు.
చొక్కా మీద తలనూనె పోయి
సెల్‌ఫోను కంపెనీ వచ్చింది.
మూడోదానికి నాలుగు,
చొక్కా మీద ఏమీ లేదు.
జీతం చెక్కు బ్యాంకులో వేస్తే తిరిగొచ్చింది.
బౌన్సు అనే మాట
అప్పటిదాకా మాకు ఒక్క అర్థంలోనే తెలుసు.

ఆఖరి ఆట రాత్రి
అరవై ఒకటి, యాభై ఎనిమిది.
ఇంకా రెండు నిమిషాల పది సెకన్లు.
గాలెయ్య బెంచీ మీద, మోకాలికి ఐసు.
కరెంటు పోయింది.
తెల్లారి పేపరు మొత్తం తిరగేశాం,
క్రికెట్టు, పొగాకు ధర, వెలిగొండ సొరంగం.
మా స్కోరు లేదు.
నాలుగో సీజను ఉంటుందన్నారు,
తేదీలు తర్వాత చెబుతామన్నారు.
నేను ముందే పలక మీద గళ్ళు గీసిపెట్టుకున్నాను.

గాలెయ్య తిరిగొచ్చి మళ్ళీ లోడింగుకి పోతున్నాడు.
ఎవరు గెలిచారని అడిగితే
ఒకసారి మేమే అంటాడు,
ఒకసారి వాళ్ళంటాడు,
తాగిన రోజున
"పీరా, రెండు నిమిషాలు ఇంకా ఉన్నాయిరా" అంటాడు.
అబద్ధమని అనలేను,
నా పలక కూడా అక్కడే ఆగింది.

మొన్న ఆదివారం ఆడపిల్లల ఆట.
కంభం వాళ్ళు వచ్చారు.
వలలేని రింగుకి కొత్తపట్నం చేపలవల కట్టాం,
బంతి పడ్డప్పుడల్లా ఎండు ఉప్పు వాసన.
గాలెయ్య కుంటుకుంటూ గీత పక్కన తిరుగుతూ
"చేతులు పైకి, చేతులు!" అని కేకలు.
రాయడానికి వేరే పలక లేదు.
నసీమా తడిగుడ్డ పట్టుకొని వచ్చింది.
"తుడిచేదా మామా?"

వద్దన్నాను.
పలక తిప్పాను.
వెనక వైపు ఇంకా ఎవరూ రాయలేదు.
ఎడమ సున్నా, కుడి సున్నా.
ఎలీషా మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నాడు.