రెండుసార్లు లెక్కకొచ్చిన బండి

కంపెనీ పేరు చెప్పడు ఎవాజియో.
"పింఛను ఇంకా వాళ్ళదే తింటున్నాను" అంటాడు
మీసానికంటిన కాఫీ నురగ తుడుచుకుంటూ.
గరాజు తలుపు పైకి లేచాక పేరెందుకు?
ఆ ఎరుపు చూసి
బియెల్లా కుర్రాళ్ళు సైకిళ్ళు దిగి నడుస్తారు.

వీధిలో తిరిగే బండే. వీధి కోసం పుట్టింది కాదు.
పందెం బండి కొండెక్కాలంటే
దాని తోబుట్టువులు రెండొందలు
నంబరు పలకలు కట్టుకుని
మామూలు మనుషుల ఇళ్ళకు పోవాలని రూలు.
మంచులో గెలిచే బిడ్డ వేరే ఉంది.
ఇవి సాక్షి సంతకాలు.

రేడియో లేదు.
చెవి వెనక జానెడు దూరంలో ఇంజను,
మాట్లాడుకోవాలంటే ఎర్ర లైటు పడాలి.
వెనక అద్దంలో రోడ్డు కనపడదు,
వేడికి వణికే గాలి కనపడుతుంది.
సీట్లకి మాత్రం మంచి గుడ్డ వేశారు,
పెళ్ళికి అరువు తెచ్చిన కోటులాగ.

నాది టైర్ల కొట్టు.
ఈ సైజు ఇప్పుడెవరూ చెయ్యరు.
ఎక్కడెక్కడో వెతికి నాలుగు తెప్పిస్తాను,
సగం ధరే చెప్తాను.
మా ఆయన లెక్కల పుస్తకం చూసి నిట్టూరుస్తాడు.
మిగతా సగం ఆ చప్పుడు కిందికి రాసుకో అంటాను.

ఆ మధ్యాహ్నం సంగతి
చలికాలానికోసారి చెప్తాడు, ప్రతిసారీ కొంచెం మార్చి.
ఫిబ్రవరి. తనిఖీకి ఇద్దరొచ్చారు.
ముందు పెరట్లో నూట మూడు బండ్లు.
పెన్సిలుతో ఒక్కోదాని ముక్కూ తట్టి లెక్కపెట్టారు.
"మిగతావి?"
"అవతలి పెరట్లో. ముందు భోజనం కానివ్వండి."
మూడు గంటల భోజనం.
మాంసం కూరిన అన్యోలోత్తి, వైను, జున్ను,
చాలన్నాక మళ్ళీ వైను.
వాళ్ళు నమిలినంతసేపూ
ఇరవై రెండేళ్ళ ఎవాజియో, ఇంకో పదకొండు మంది
గోడ చుట్టూ తిప్పి
అవే బండ్లు అవతలికి తోలారు,
పరుగెత్తి వచ్చారు, మళ్ళీ తోలారు.

"ఈ ఎర్రదాన్ని నేనే తోలాను.
పొద్దున నలభై ఏడోది, సాయంత్రం ఆఖరిది.
పెద్దాయన దీని వెనక మూత మీద చెయ్యి పెట్టాడు.
చప్పున తీశాడు.
నా వైపు చూశాడు.
కారుతున్న నా చెమట చూశాడు, ఫిబ్రవరిలో.
పుస్తకంలో గీత గీశాడు."

ఎందుకు గీశాడు, అని నేను అడగాలి. ఆనవాయితీ.
"వాడికీ ఉండదా,
రాత్రి కొండ మలుపులో చలిమంట దగ్గర నిలబడి
ఒక్కసారి దీని అక్క దూసుకుపోతుంటే
మంచు మొహాన కొట్టించుకోవాలని?"

తర్వాత ఎవరూ కొనలేదు.
రెండేళ్ళు వానలో నిలబడ్డాయి.
పనివాళ్ళకి సగానికిస్తామంటే
తల్లి కుట్టుమిషను కూడా అమ్మి తెచ్చుకున్నాడు.

మొన్న లుగానో నుంచి ఒకాయన వచ్చాడు.
చేతికి తెల్ల గ్లవ్సు, జేబులో చెక్కు.
చలవగది ఉందట, అద్దాల గోడలట.
మెల్లగా అడిగాడు:
"నిజం చెప్పండి, అసలు ఎన్ని చేశారు?"
తక్కువని తేలితే ధర మూడింతలని
ముగ్గురికీ తెలుసు.
ఎవాజియో నా వైపు చూడలేదు.
"రెండొందల ఆరు" అన్నాడు.
"ఇద్దరు పెద్దమనుషులు లెక్కపెట్టారు. కాగితం ఉంది."

ఆయన వెళ్ళాక ఓరోపా దాకా ఎక్కాం.
మూడో మలుపులో వెనక భాగం
అలిగిన పిల్లలా పక్కకి జరిగింది,
ఎవాజియో బతిమాలి లోపలికి తెచ్చాడు.
డెబ్బై దగ్గరపడ్డ మోకాళ్ళు, పెడల్ మీద మాత్రం ఇరవై రెండు.
పైన ఆపాక
అబద్ధం ఖరీదెంతో తెలుసా అన్నాను.
"ఒకసారి సాక్ష్యం చెప్పాక చెప్పినట్టే"
అంటూ ముందు చక్రం దగ్గర వంగాడు.

ఎడమ టైరు బయటి అంచు అరిగిపోయింది.
వసంతం దాకా ఆగదు.
రేపు పొద్దున్నే ఫోన్లు మొదలెట్టాలి.