మూడో కౌంటర్

దగ్గు మా ఊరికి కొత్త కాదు.
మిరపకాయ దిగే నెలల్లో
యార్డు నుంచి గాలి ఇటు మళ్ళిందంటే
గుంటూరంతా ఒక్కసారే తుమ్మేది,
తుమ్మి, ముక్కు తుడుచుకుని, బేరం చేసేది.

ఈ ఏడు ఎవరూ దగ్గకూడదు.

పైన ప్యాకింగ్ గదిలో
అనసూర్యమ్మ కారం తూకం వేస్తోంది.
అరకిలో, అరకిలో, పావు.
గొంతులో ఎగదన్నుకొస్తున్నదాన్ని
మోచేతి మడతలో నోరు దాచుకుని మింగుతోంది.
మెట్ల మీంచి ఆ ఒక్క శబ్దం జారిందా,
కింద వరసలో సగం మంది ఉండరు.

ఆరింటికి తెరుస్తాం, తొమ్మిదింటికి మూస్తాం.
బ్రాడీపేట నాలుగో లైను మలుపు దాకా
నాగుల్ మీరా సున్నంతో గుండ్రాలు గీస్తాడు.
చెయ్యి తిరగలేదు వాడికి,
ఒకటి కోడిగుడ్డు, ఇంకోటి పనసకాయ.
వాటిల్లో నిలబడ్డవాళ్ళు
పరీక్ష హాల్లో పిల్లల్లా
పక్కవాళ్ళ సంచిలోకి తొంగి చూస్తుంటారు,
గోధుమపిండి వాళ్ళకెన్ని దొరికిందో అని.

లారీ ఆటోనగర్ గోడౌన్ నుంచి రావాలి.
వారధి దాటాక, కాజ దగ్గర ఆపి,
ఏసోబు నుదుటికి గురిపెట్టి వేడి చూసి,
కాగితం చూసి, మళ్ళీ అదే కాగితం చూసి వదులుతారు.
వాడు క్యాబిన్ అద్దం సగమే దించి
"పప్పు దించుకోండి, నన్ను దించకండి" అంటాడు.
ఇంటికెళ్ళి ఇరవై రెండు రోజులట.

హెడ్డాఫీసు నుంచి మెసేజీ వచ్చింది:
మీరే మా సైనికులు.
రోజుకు వంద ఎక్కువ. సెలవు పెడితే ఆ వందా లేదు,
ఆ రోజూ లేదు.
మేనేజరు శ్రీమన్నారాయణ గారు చదివి వినిపించి,
పక్కకు తిరిగి, ఎవరూ చూడకుండా మాస్కు లాగి
ఒక గుక్క మంచినీళ్ళు తాగారు.
అందరం చూశాం.

నేను మూడో కౌంటర్.
ముఖాలు పోయి కళ్ళూ సంచులూ మిగిలాయి.
"ఫోన్ నంబరు చెప్పండి" అంటాను,
చివరి నాలుగంకెల్తో మనిషిని పోల్చుకుంటాను.
డెబ్భై రెండు సున్నా నాలుగు: బెల్లం, రవ్వ, అగరుబత్తీలు.
పంతొమ్మిది పదకొండు: పెరుగు, మాగాయ, ఒకే ఒక్క సబ్బు.
నోట్లు గిన్నెలో స్నానం చేసి
ఫ్యాను కింద క్లిప్పులకు వేలాడతాయి.

మా ఇంటి ఓనరమ్మ మేడ మీంచి తాడుకి సంచి కట్టి దింపుతుంది.
"రెండు నూనె ప్యాకెట్లు, అమ్మాయ్.
రెయిలింగు మాత్రం ముట్టుకోకు."
ముట్టుకోను.
సంచిలో బిల్లు కూడా వేస్తాను,
ముప్పావలా కూడా వదలను.

ఓ మంగళవారం నాగుల్ మీరాకి తేలింది.
బుధవారం షట్టరేసి మందు కొట్టారు.
గురువారం తెరిచారు.
గీతలు గీయడానికి కొత్త కుర్రాడొచ్చాడు,
వాడివి అచ్చు గుండ్రంగా ఉన్నాయి.
నాకు నచ్చలేదు.
వార్డులోంచి ఫోన్ చేసి నాగుల్ మీరా అడిగింది కూడా అదే:
"ఎవరు గీస్తున్నారక్కా?"
ఎవరూ గీయడం లేదు, పాతవే ఉన్నాయన్నాను.

పంతొమ్మిది పదకొండు పదిహేను రోజులు రాలేదు.
ఆ తర్వాత ఆ నంబరు ఒక పిల్లాడు చెప్పాడు,
మధ్యలో తడబడి, అరచేతి మీద రాసుకున్నది చూసుకుని.
తెర మీద పేరొచ్చింది: దమయంతి గారు.
మూడొందల నలభై పాయింట్లు.
"వాడేయమంటావా?"
"వద్దు. అమ్మమ్మవి. ఉండనీండి."
వెనకవాళ్ళు కదలమంటున్నారు.
ఉండనిచ్చాను.
మిషను తనంతట తానే ఆవిడకి ఇంకో ఆరు కలిపింది.
బిల్లు అడుగున ఎప్పట్లాగే
మళ్ళీ దయచేయండి అని ఉంది.
అక్కడికి మడిచి ఇచ్చాను.

తొమ్మిదైంది. షట్టరు నేలకు ఆనిందో లేదో
పైన అనసూర్యమ్మ దగ్గింది,
మూడు గంటల దగ్గు, ఆపకుండా, కడుపారా.
శ్రీమన్నారాయణ గారు లెక్క ఆపి తలెత్తారు.
"కారమేగా?"

చాలాసేపటికి పైనుంచి అంది:
"కారమే."