ఏసీ బంద్

రువీల మూడో అంతస్తు, ఆరు మంచాల గది.
నా వాటాకు కింది మంచం, ఒక ప్లగ్గు,
కిటికీ గట్టు మీద మూరెడు జాగ.
గంతల్నే స్టూడియో.

మనీలాకు వాపస్ పోతున్న రొడెల్ దగ్గర
ఆడియో బాక్సు తీస్కున్న, ఇరవై రెండు రియాళ్లకు.
ఒక మీట వదులు.
అగ్గిపుల్ల చెక్కి సందుల దూర్చి
"ఇది కూడ సామాన్ల లెక్కనే" అన్నడు.

మైకు కాడ మోసపోయిన.
మంచి మైకంటే అన్నీ వినేదనుకున్న.
కొన్నంక తెలిసింది, నిజంగనే అన్నీ వింటదని:
గుల్‌జమాన్ దగ్గు, లిఫ్టు గొలుసు,
కింద కరక్ చాయ్ కాడ గ్లాసుల గలగల,
బుచ్చన్న ఫోన్ల బిడ్డకు చెప్పిచ్చే ఎక్కాలు.
పాట ఒక్కటే సరిగ వినలే.
నెల తిరక్కముందే అమ్మేసిన.
ఇప్పుడున్నది చెవిటి మైకు.
మూతి ఆనిస్తేనే పలుకుతది.
ఆరుగురున్న గదికి అదే మేలు.

ఇంటికి కొంటబోదామని దాచిన పులిబొమ్మ దుప్పటి
రెండు మంచాల నడుమ కట్టిన.
పాడెటోడు పులి కడుపుల కూసుంటడు.
గోడకు గుడ్ల అట్టలు కొట్టుమన్నరెవరో.
కొట్టిన.
బొద్దింకలు కాపురం పెట్టినయ్,
సప్పుడు మాత్రం కదల్లే.

పాడెటోడంటే రాజమల్లు, టైల్సు మేస్త్రీ.
పరిచిన బండను వేలి కణుపుతోని కొట్టి
కింద నిండున్నదో డొల్లున్నదో చెప్తడు.
గా డొల్ల సప్పుడే నా పాటకు డప్పు.
సైటు నుంచి ఫోన్ల పట్టుకొచ్చిండు
పద్నాలుగు బండలు, పద్నాలుగు దెబ్బలు.
పేర్లు పెట్టిన: వంటింటి బండ, మెట్ల బండ,
సూపర్‌వైజర్ చూస్తుండంగ కొట్టిన బండ.

పేర్ల కాడ పైలం.
మొదట్ల "ఆఖరిది" అని పెట్టేటోన్ని,
తర్వాత "అసలు ఆఖరిది",
"ఇగ ముట్టద్దు", "ముట్టిన".
ఇప్పుడు ముందు తేదీ, వెనక షిఫ్టు.
రాజమల్లు రాత్రి డ్యూటీల ఉంటే గొంతు ఫైలు పుట్టదు,
నాకు ఓవర్‌టైం ఉంటే పుట్టింది పెరగదు.
శుక్రవారం బట్టలుతుక్కున్నంక,
గుల్‌జమాన్, షొహాగ్ జుమ్మాకు పోయినప్పుడు
గది మాది.

ఏసీ తప్ప.

నేను ఏసీ మెకానిక్‌ను.
గా గుర్రుమనే డబ్బానే నాకింత బువ్వ పెట్టేది,
రికార్డింగుకు మాత్రం పగోడు.
బంద్ చేస్తే పదకొండు నిమిషాలు ఓర్సుకుంటరు, లెక్కవెట్టిన.
పన్నెండో నిమిషంల బుచ్చన్న
అట్టముక్కతోని ఊపుకునుడు షురూ చేస్తడు,
అది కూడ పాటల పడ్తది.
ఆగస్టుల ఆ పదకొండు కూడ లేవు.
"చస్తం ర" అన్నరు.
నిజమే, చస్తరు.

గప్పుడు చెవి పెట్టి విన్న.
ఎనిమిదేండ్ల సంది విప్పి బిగిస్తున్నోన్ని,
ఒక్కనాడు విననోన్ని.
హార్మోనియం ఐదో తెల్లమెట్టుకు వెంట్రుకవాసి పైన
ఒకటే పట్టు, ఊపిరి తీస్కోకుండ.
"రాజమల్లూ, గీ శ్రుతిల ఎత్తు."
మేస్త్రీ కదా,
మట్టం చూసి ఆనిచ్చిండు.

సెప్టెంబర్ల ఓనర్ కొత్త స్ప్లిట్ పంపిండు.
బిగించింది నేనే.
పాతదాన్ని తుక్కు బండెక్కించింది నేనే.
ఆ రాత్రి అందరు మంచిగ నిద్రవోయిన్రు.
రెండో చరణం ఇంక పాడలే.

శుక్రవారం రాజమల్లు దుప్పట్ల కూసున్నడు,
నోరు తెరిచిండు, మూసిండు.
"దేని మీద నిలవడాలె ర?"

ఎతికిన.
"పనికిరానివి" అనే ఫోల్డర్ల
అమ్మేసిన మైకు పట్టినయన్నీ ఉన్నయ్,
దగ్గు, గొలుసు, గ్లాసులు.
అడుగున ముప్పై నాలుగు సెకండ్లు, పాత ఏసీ.
కత్తిరించి తోకకు తల అతికిన.
హెడ్‌ఫోన్లు రాజమల్లు చెవులకు పెట్టిన.
కండ్లు మూసుకున్నడు.

ఆ ముక్క చివర్ల, సన్నగ, బుచ్చన్న గొంతు:
"ఏడు ఆర్లు నలభై రెండు."
చుట్టు తిరిగిన ప్రతిసారి నలభై రెండు.
తీసేద్దామని మౌసు మీద వేలు పెట్టిన.
తాళానికి సరిగ్గ పడ్తున్నది.
ఉండనీ అన్నడు రాజమల్లు.