పనిలేని కాకినాడ

శనివారం పొద్దున్నే బస్సెక్కాం, ఐదుగురం.
టిక్కెట్టు మిషను నొక్కుతూ కండక్టరు
"ఎవరికండీ బాగోలేదు?" అన్నాడు.
అందరికీ బాగానే ఉందని
ఎలా చెప్పాలో తెలీక
మా ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మాకు తెలిసిన కాకినాడ ఒకటే దారి.
బస్టాండు, పెద్దాసుపత్రి గేటు,
ఓపీ చీటీల లైను, మందుల కొట్టు,
మళ్ళీ బస్టాండు.
మావగారిని నడిపించుకుంటూ పదకొండు నెలలు తిరిగాం.
తలెత్తి ఊరెలా ఉందో చూళ్ళేదు.

"ఆదివారం ప్రార్థన మానేసి షికారేంటర్రా"
అని రెండ్రోజులు సణిగిన రూతమ్మత్తగారు
అందరికన్నా ముందు తయారైంది.
పాస్టరుగారితో మాత్రం "ఊరెళ్ళే పనుందండి" అని చెప్పొచ్చింది.
నాకు తెలిసి ఆవిడాడిన మొదటి అబద్ధం.

ఎదుర్లంక వంతెన కింద గౌతమి
ఎర్రగా, ఒడ్డులొరుసుకుని.
కెరేను దీపస్తంభాలు లెక్కపెడుతూ పెడుతూ
యానాం రాకుండానే నా ఒళ్ళో నిద్రపోయింది.

దిగాక ఆటో అతను మా మొహాలు చూశాడు, సంచీ చూశాడు,
"పెద్దాసుపత్రేగా?" అన్నాడు.
"కాదు! బోట్ క్లబ్బు!"
అభిషిక్త్ అరిచిన అరుపుకి
స్టాండులో ఆటోలన్నీ ఇటు తిరిగాయి.

అప్పుడు చూశాను.
రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు వీధులు,
తప్పిపోదామన్నా కుదరదు.
అరుగు మీద కుర్చీ వేసుకుని
పేపర్లో ఒకే పేజీ చదువుతున్న ముసలాయన,
గేటుకి తాళం వేశానా అని వెనక్కెళ్ళి చూసుకుంటున్న ఒకావిడ.
గొప్పేం లేదు.
కాస్త నీడ, కాస్త ఉప్పుగాలి,
ఎవరికీ ఎక్కడికీ ఆలస్యం కానట్టు.

చెరువులో తొక్కుడు పడవ, హంస ఆకారం,
మెడకి సిమెంటు పట్టీ.
మా ఆయన రాత్రిళ్ళు రొయ్యల చెరువులకి కాపలా,
ఏరేటర్ ఆగిందా అని నిద్రలో కూడా చెవొగ్గే మనిషి.
పెడల్ తొక్కుతూ చాలాసేపు నీళ్ళకేసి చూసి
"ఇందులో ఏమీ పెంచరా?" అని అడిగాడు.
"ఆయ్, ఏమీ పెంచరండి" అన్నాడు లైఫ్ జాకెట్లబ్బాయి.
ఇంకో అరగంటకి డబ్బు కట్టాడు మా ఆయన.

సాయంత్రం సముద్రం. దూరంగా ఆగిపోయిన ఓడలకి
ఒక్కొక్కటే దీపాలు వెలిగాయి.
అత్తగారు కాళ్ళు తడుపుకోలేదు, చెప్పులు మాత్రం విప్పింది.

లాడ్జిలో రాత్రి కరెంటు పోయింది.
టార్చి కోసం సంచీ పక్క జిప్పులో తడిమితే
అభిషిక్త్ చేతికి ఎక్స్‌రే తగిలింది.
పారేశామనుకున్నాం అందరం.
సెల్లు వెలుగులో ఎత్తి చూశాడు:
"ఇదేంటి నాన్నమ్మా, మబ్బులా?"
"మీ తాతయ్యరా."

ఎవరం మాట్లాడలేదు.
ఆవిడ దాన్ని తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది,
చెమటలు కక్కుతున్న పిల్లల మధ్య చేరి
విసరడం మొదలుపెట్టింది.
డబ డబ డబ.
ఆయనకి చివర్లో అందని గాలి
మాకు కొంచెం కొంచెం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సు.
పాస్టరుగారికి అరకేజీ గొట్టం కాజాలు,
అబద్ధానికి జరిమానా అనుకుంటా.
ఎక్స్‌రేని మళ్ళీ అదే జిప్పులో పెట్టింది, కాజాల పక్కన.
ముమ్మిడివరం దాటేసరికి
పాకం కారి రెండూ అంటుకుపోయాయి.
ఇంటికెళ్ళాక కడగాలి,
వేణ్ణీళ్ళతోనో, మామూలు నీళ్ళతోనో.
ఎవర్నైనా అడగాలి.