పావు చుట్టు

కార్డిగన్ అఖాతం ఒడ్డున
రైలుగేటు దాటగానే నా షెడ్డు.
ఇద్వల్ బండి వస్తోందని
కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది.
నిలబడ్డ చోట కూడా పరిగెడుతున్నట్టు
గసపోసుకుంటూ వస్తుంది
అరవై ఏడు నాటి ఎర్ర ఎంజీ.

"పెట్రోలు తెగ తాగేస్తోంది నెరిస్, కాస్త చూడు"
తాళాలు బల్ల మీద పెట్టి
తడిసిన టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు.
సముద్రం మీంచి వాన అడ్డంగా కొడుతోంది.

ఇంజను వేడెక్కేదాకా ఏ మరనూ ముట్టకూడదు,
చల్లటి ఇంజను అబద్ధాలు చెబుతుంది.
అంచేత ముందు టీ.

గాలిడబ్బాలు విప్పితే
రెండు కార్బురేటర్లు పక్కపక్కనే,
ఒకే కాడి కింద మెడలు పెట్టిన జత.
మూతలు తిప్పి సన్నటి నూనె నాలుగేసి చుక్కలు పోశాను.
రెండింటినీ కలిపే కడ్డీకి బోల్టు వదులు చేశాను,
ఎవరి ఊపిరి వాళ్లు పీల్చుకోమని.
మూరెడు రబ్బరు గొట్టం:
ఒక కొస నా చెవిలో, ఒక కొస దాని నోట్లో.
ముందుది బుస్సుమంటోంది.
వెనకది పసిపిల్ల నిద్రలా సన్నగా.
ఎన్నేళ్లుగానో ఒకటి బరువు లాగుతుంటే
రెండోది పక్కన నడుస్తోంది, అంతే.

ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి.
మళ్లీ గొట్టం. మళ్లీ చెవి.
మా మేస్త్రీ బ్లెదిన్ అయితే కళ్లు మూసుకుని వినేవాడు.
నాకలా కుదరదు,
గోడ మీది పాత టైర్ల క్యాలెండరు చూస్తూ వింటాను.
రెండు బుసలూ ఒకే శ్రుతిలో పడేసరికి
టీ తెట్టు కట్టింది.

ఐడిల్ మరల తలలు అప్పుడు చూశాను.
చుట్టూ ఉన్నదంతా తుప్పు, వాటికి మాత్రం లేదు.
గాడి అంచులు అరిగి మెరుస్తున్నాయి.
ఎవరో తరచూ తిప్పుతున్నారు,
తిప్పినప్పుడల్లా పైకే.
ముల్లు పద్నాలుగు వందల మీద ఉంది.
పుస్తకంలో ఎనిమిది.

రెండింటినీ సమంగా దించాను.
వెయ్యి. తొమ్మిది వందలు. ఎనిమిది.
పిస్టన్ కింది పిన్ను గోటితో ఎత్తితే
ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి సర్దుకుంది.
ఇంజను గొంతు తగ్గించి
తనలో తను గొణుక్కోవడం మొదలుపెట్టింది.
అప్పటిదాకా బయటున్న వాన చప్పుడు
షెడ్డులోకి వచ్చింది.

ఇద్వల్ లేచి నిలబడ్డాడు. "ఆగిపోయిందా?"
"లేదు. నెమ్మదించింది."
"ఆగిపోతుంది."

తరవాత చెప్పాడు, నాతో కాదు, ముల్లుతో.
ఎనభై మూడు, జనవరి, ఈ గేటే.
పట్టాల మధ్య బండి పొలమారి ఆగింది.
ఎర్ర దీపాలు. గంట.
తాళం తిప్పిన ప్రతిసారీ ఒక్క దగ్గు.
పక్క సీట్లో చెల్లెలు నవ్వుతోందట,
ఇంకా ఏమీ అర్థం కాక.
నాలుగోసారికి అందుకుంది.
రైలు గాలి వెనక నంబరుప్లేటును తాకింది.

చెల్లెలిప్పుడు బాంగర్‌లో మనవల్ని ఆడిస్తోంది,
ఆ సంగతే గుర్తులేదంటుంది.
ఈయన మాత్రం ఆ సాయంత్రం నుంచి
ఆ మరలు వదల్లేదు.
నలభై ఏళ్ల భయం, కొలిస్తే,
నిమిషానికి ఆరువందల చుట్లు.

పుస్తకం మూసేశాను.
స్క్రూడ్రైవరు ఆయన చేతిలో పెట్టాను.
"పావు చుట్టు. రెండింటికీ. ఆపైన ఒప్పుకోను."
ముందు గాడి దొరకలేదు, చెయ్యి వణికింది.
దొరికాక వణకలేదు.
తొమ్మిది వందల యాభై,
ఏ పుస్తకంలోనూ లేని అంకె.

కడ్డీ బిగించాను.
త్రాటిల్ తీగకి కాగితం మందాన వదులు ఉంచాను,
కాలు తీస్తే పూర్తిగా వెనక్కి రావాలి కదా.
డబ్బులిచ్చి, టీ కప్పు కడిగి వెళ్లాడు.

ఐదింటి రైలుకి గేటు పడింది.
వరసలో మూడో బండి ఎర్రది.
పొగగొట్టం కింద గుంటలో నీళ్లు
సన్నగా జలదరిస్తున్నాయి.
ఇప్పుడు తొక్కుతాడు, ఇప్పుడు తొక్కుతాడు అనుకుంటూ
నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

రైలు పోయింది. గేటు లేచింది.
ముందున్న రెండూ కదిలాయి.
ఈయన కదల్లేదు,
వెనక వ్యానువాడు హారన్ కొట్టేదాకా
వింటూ కూర్చున్నాడు.