పెన్సిల్ చుక్క పైకి

మోరీన్ తుంటి విరిగి
హల్ ఆసుపత్రి నాలుగో అంతస్తులో పడుకున్న వారానికి
ఆమె పాము డోరిస్ గుడ్లు పెట్టింది.

నాకు అప్పజెప్పినవి మూడే పనులు:
కుండీలకు నీళ్ళు, గుమ్మంలో పడ్డ ఉత్తరాలు,
పదిరోజులకోసారి ఫ్రీజర్‌లోని ఎలుకపిల్లను
వేణ్ణీళ్ళ గ్లాసులో వెచ్చబెట్టడం.
పాముకి పాలు పోసిన సామెత తెలుసు గానీ
ఎలుకకి స్నానం చేయించడం ఏ సామెతలోనూ లేదు.

ఫిబ్రవరిలో గ్రిమ్స్‌బీ నుంచి ఒక మగపాము
చుట్టంగా వచ్చి, వారం రోజులు
చుట్టచుట్టుకుని ఉండి వెళ్ళిందట.
"అయినా నమ్మకం లేదు, బుచ్" అంది ఫోన్లో.
బుచ్చిరాజు ఆమె నోట్లో పట్టదు.

పద్నాలుగు గుడ్లు, ఒకదాన్నొకటి అంటుకుని,
తడిసిన తోలంత మెత్తగా.
"విడదీయకు. తిప్పకు.
పైన పెన్సిల్‌తో చుక్క పెట్టు.
రెండు నెలలూ ఆ చుక్క పైకే చూడాలి.
తల్లకిందులైతే లోపలిది మునిగిపోతుంది."

కారవాన్ల ఫ్యాక్టరీలో కిటికీలకు
రబ్బరు బిగించే వేళ్ళు నావి.
ఊపిరి బిగబట్టి పద్నాలుగు చుక్కలు పెట్టాను,
పసిబుగ్గకి దిష్టిచుక్క పెట్టినట్టు.

మెట్లకింది అర. చేపల కొట్టువాడిచ్చిన థర్మాకోల్ పెట్టె.
పిండితే ఒక్క బొట్టు రాలేంత తడి.
ఇరవై ఎనిమిది డిగ్రీలు.
నా గదిలో అంత వేడి ఏ రోజూ లేదు.

మా నాయనమ్మ పొద్దుగూకాక దాని పేరు పలికేది కాదు,
పురుగు అనేది.
రాత్రి ఈల వేస్తే వస్తాయనేది.
ఇక్కడ హంబర్ గాలి తలుపు సందులో
తెల్లవార్లూ ఈల వేస్తుంది.
నేనేమో టార్చి పట్టుకుని
మెట్లకింద మోకాళ్ళ మీద, రండి రండి అంటూ.

తొమ్మిదో రాత్రి లైట్లార్పి
గుడ్డు కదపకుండా పక్కనుంచి వెలుగు ఆనించాను.
మొదటిది పసుపు.
రెండోదీ, ఖాళీ గదిలో బల్బులా, పసుపే.
మూడోదాంట్లో
డబుల్ షిఫ్ట్ చేసొచ్చిన కనుగుడ్డులోలా
ఎర్రజీరలు.

"ఏం కనబడుతోంది?"
జీరకి నాకు ఇంగ్లీషు దొరకలేదు.
"దారాలు," అన్నాను. "ఎర్ర దారాలు."
అటువైపు కాసేపు ఏమీ లేదు.
తర్వాత వార్డంతా వినబడేలా
"దారాలట!" అని ఎవరికో చెప్పింది.

పదింట్లో దారాలు. మూడు పసుపు.
ఒక్కటి తేలలేదు.
ఓ రాత్రి గులాబి, ఓ రాత్రి ఏమీ లేదు,
ఓ రాత్రి మూలన చిన్న ఎర్ర వలయం,
అది నా కంటి తడేమో కూడా.
"పారెయ్. బూజు పడితే పక్కవాటికీ పడుతుంది."
సరేనన్నాను.
పారెయ్యలేదు.
నలభయ్యో రోజు నిజంగానే బూజు వచ్చింది.
దూదితో తుడిచి
నా పాదాల దురదకి వాడే పౌడరు అద్దాను.
ఈ సంగతి ఆమెకి చెప్పలేదు.

యాభై ఏడో రోజు వాకర్ నెట్టుకుంటూ ఇంటికొచ్చింది.
వంగలేదు గనక మెట్టు మీద కూచుంది,
నేను మెట్టుకింద.
గుడ్లు సొట్టలు పడుతున్నాయన్నాను.
"పడాలి" అంది.
రాత్రి పదకొండు దాటాక ఒకదాని పైన సన్నటి కోత,
అందులోంచి అగ్గిపుల్ల తలంత ముక్కు,
గాలిని వాసన చూసి, ఆగి, లోపలికే పోయింది.
"పాము," అన్నాను, గట్టిగానే,
రాత్రిపూట.

తెల్లారేసరికి పది.
"అయితే అంతే," అంది మోరీన్ పైనుంచి. "పెట్టె మూసెయ్."
ఇంకొకటుందని అప్పుడు చెప్పాను.
తిట్టలేదు. వాకర్ మీద గోటితో కొట్టుకుంటూ
"ఎలా ఉంది?" అంది.

సొట్ట లేదు. కోత లేదు. బూజు మళ్ళీ రాలేదు.
చుక్క మాత్రం
పైకే ఉంది.